జింపాచి ముట్టని తుప్పు

అనగా అనగా, మన తాతలకి తాతలు కూడా పుట్టకముందు, మనకంటే ముందే తెల్లవారే దీవుల దేశంలో ఒక కొండ. కొండ మీద ఒక ఊరు, కొండ కింద ఒక ఊరు. రెండూళ్లకీ ఒకటే వాగు. ఇంకేం, రెండూళ్లకీ క్షణం పడేది కాదు.

వాగు నీళ్లు కింద ఊరివేనని ఏనాడో ఒక దొర మాటిచ్చాడు. మాటకి గుర్తుగా తన నడుమునున్న కత్తి తీసి వాళ్ల చేతిలో పెట్టాడు. తరాలుగా ఆ కత్తి ఊరి గుళ్లో ఉంది. దాన్ని చూసుకునే పని ఇసె అనే ఆవిడది. అత్తగారి నుంచి వచ్చిన పని. కత్తంటే ఊరందరికీ ఎంత భక్తంటే, దండం పెట్టనివాడు లేడు, ఒర తీసి చూసినవాడూ లేడు!

ఒకనాడు కొత్త దొరగారి దగ్గర్నుంచి కబురొచ్చింది.

"మా ముత్తాతగారి కత్తి తమ దగ్గరే ఉందని పై ఊరివాళ్లూ అంటున్నారు. కోతల పండక్కి రెండు కత్తులూ పట్టుకురండి. అసలు కత్తి ఎవరిదైతే నీళ్లు వాళ్లవి."

ఇసె ఒర లాగింది. రాలేదు. మళ్లీ లాగింది. రాలేదు. మూడోసారి కాలు తన్నిపెట్టి లాగితే, మాడిపోయిన కట్టెపుల్ల లాంటిది బయటపడింది. పాపం, ఈ తుప్పు ముద్దని దొరగారి కత్తంటే ఎవరు నమ్ముతారు? నీళ్లు పోతే పొలాలు ఎండుతాయి. పొలాలు ఎండితే ఊరు ఊరంతా తననే కదా అంటుంది?

కత్తిని గుడ్డలో చుట్టుకుని వాగు ఒడ్డున ఉండే జింపాచి దగ్గరికి పరుగెత్తింది. జింపాచి సాన పట్టే ముసలాయన. కొడవళ్లు, కూరగాయల కత్తులు, ఏది తెచ్చినా కాదనడు. నా అన్నవాళ్లు లేరు. ఉన్నవల్లా రాళ్లే.

ఆయన పిడిలోని వెదురు చీల తీసి, పిడి ఊడదీసి, కత్తి తోక చూశాడు. కత్తికి తోకేమిటంటారా? పిడిలోపల దాక్కునే ముక్క. ఎవరికీ కనపడదు. అదీ తుప్పే.

"పైకి కనపడే అలుగంతా రుద్దుతానమ్మాయ్. తోక జోలికి మాత్రం పోను" అన్నాడు.

"అదేంటి తాతా, సగం పని చేసి చేతిలో పెడతావా?"

"దాని వయసు ఆ తుప్పులోనే ఉంది. అది గీకేస్తే, దీనికీ నిన్న చేసినదానికీ తేడా ఏముంటుంది?"

ఊరి పెద్ద వచ్చి గదమాయించాడు. "తోక జోలికి మాత్రం పోను" అన్నాడు జింపాచి. ఊరంతా వచ్చి బతిమాలింది. "తోక జోలికి మాత్రం పోను" అన్నాడు జింపాచి. ముసలాడికి ఓపిక చాలక కబుర్లు చెబుతున్నాడని గొణుక్కుంటూ పోయారు.

ఆయన చన్నీళ్లలో చేతులు నానేసి రుద్దాడు. ముందు గరుకు రాయి, తర్వాత నున్నటి రాయి, ఆఖరికి గోరంత రాతిపలుకు బొటనవేలి కింద పెట్టుకుని రుద్దాడు. తుప్పు పోయింది. అంచు పొడవునా తెల్లటి అల లాంటి గీత తేలింది. అది చూసి ఇసె ఏడ్చేసింది.

ఆ చలే ఆయన్ని మంచాన పడేసింది. "పండగ దాకా తోక జోలికి పోకమ్మాయ్" అన్నాడు. అదే ఆఖరి మాట.

పండగ పొద్దున ఇసెకి మనసు ఆగలేదు. దొరగారి ముందు ఈ తుప్పు పెట్టడమా? పిడి ఊడదీసి, తడి ఇసుక తీసుకుని తోక చివర రుద్దింది. గోరంత చోట తళుక్కుమంది. అప్పుడు గుర్తొచ్చింది, జింపాచి బొటనవేలు. రుద్ది రుద్ది దానికి గోరే మిగల్లేదు. అంత రుద్దిన మనిషి ఇక్కడ బద్ధకించాడా? ఇసుక పారబోసింది.

దొరగారి కొలువులో కత్తులు గుర్తుపట్టే పెద్దాయన ఉన్నాడు. రెండు కత్తులకీ దండం పెట్టి ఒక్కొక్కటే చేతిలోకి తీసుకున్నాడు. ఒంపు చూశాడు. రెంటిదీ ఒకటే. అల చూశాడు. రెంటిదీ ఒకటే.  మూడోసారి, చీలలు తీసి తోకలు చూశాడు.

పై ఊరి కత్తి తోకకి తెల్లగుడ్డ అద్దాడు. గుడ్డ ఎర్రబడింది.

"ఉప్పునీళ్లు పోసి తెప్పించిన తుప్పు. మొన్నటిది."

కింద ఊరి కత్తి తోకకి అద్దాడు. నల్లగా, గట్టిగా ఉన్న తుప్పు. గుడ్డ తెల్లగానే ఉంది.

"ఇంతలా ముదరాలంటే తరాలు పట్టాలి. అసలుది ఇదే" అని, ఆ మెరుపు దగ్గర ఆగాడు. "ఇదెవరు గీకారు?"

"నేనేనండీ."

"అంతా గీకి ఉంటే నేనూ చెప్పలేకపోయేవాణ్ణమ్మా. ఎవరాపారు నిన్ను?"

"మా జింపాచి తాతండీ" అంది ఇసె. అని, అక్కడే నేలమీద కూలబడి నవ్వింది, ఏడ్చింది, మళ్లీ నవ్వింది. హమ్మయ్య అని ఊరంతా పెట్టిన కేక కొండెక్కి దిగింది.

తిన్నగా జింపాచి సమాధి దగ్గరికి వెళ్లి వాగు నీళ్లు పోశారు. గొణిగినవాళ్లే అందరికంటే ముందు పోశారు.

ఆ రోజు నుంచి ఆ దేశంలో సాన పట్టేవాళ్లు పని ముగించగానే చేతులు కడుక్కుని, "తోక జోలికి పోలేదు తాతా" అని ఒక మాట అంటారు. ఆ ఊళ్లో అయితే, ఏటా కోతల పండక్కి పిడి ఊడదీసి పిల్లలకి కత్తి చూపిస్తారు.

"ఇసె గీకిన చోటేదీ?" అని పిల్లలు వెతుకుతారు.

వెతికినా దొరకదు. ఇన్నేళ్లలో దాని మీదా నల్లటి తుప్పు ముదిరిపోయింది.

"జింపాచి తాత కప్పేశాడు" అని చెబుతారు పెద్దవాళ్లు.