ఓబుళమ్మ బండి అద్దం

అనగా అనగా, రాజులు పల్లకీలు దిగి మోటారు బండ్లెక్కిన కొత్తలో, చిత్రగిరి అనే రాజ్యం ఉండేది. రాజులూ పికప్ బండ్లూ ఒకే కాలంలో ఎలా ఉన్నాయని మీరు అడగకూడదు. అడిగితే కథ ఇక్కడే ఆగిపోతుంది.

ఆ రాజ్యంలో ఓబుళమ్మ అనే ఆవిడ పట్టుపురుగు పిల్లల్ని సాకేది. గుడ్డులోంచి వచ్చిన చీమంత పురుగులకు లేత మల్బరీ ఆకును సన్నగా తరిగి పెట్టేది. పురుగు మేత మాని, నిద్రపోయి, పాత చర్మం విడిచి లేస్తుంది. ఆ నిద్రను అక్కడివాళ్లు జ్వరం అంటారు. రెండో జ్వరం లేవగానే పురుగుల్ని రైతులకు అందించాలి. లేచిన పురుగు ఆకలి మీదుంటుంది కాబట్టి ఆ పూటే రైతు ఇల్లు చేరి ఆకు తినాలి. దారిలో తడి తగిలిందంటే రోగం పట్టి చచ్చిపోతుంది.

అందుకే ఓబుళమ్మ తన పికప్ బండిలో డ్రైవరు పక్క సీటు పీకించి, ఆ చోట వెదురు తట్టలకు అరలు కొట్టించింది. బండి తనే నడిపేది. భర్త నల్లప్ప వెనక తొట్టిలో టార్పాలిన్ కప్పుకుని కూర్చునేవాడు. "సీటులో కూర్చునే రాత పురుగులకుంది, నాకు లేదు" అని ఊరంతా చెప్పుకుని మురిసేవాడు.

ఆ ఏడాది మబ్బులకొండ మీది ఊరివాళ్లు ఆమె పురుగుల కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూస్తున్నారు. అక్కడున్నవి ఇరవై ఇళ్లు. పోయిన పంటకు ఎవరో తెచ్చిచ్చిన పురుగులు దారిలోనే తడిసి, ఒక్క గూడైనా కట్టకుండా పోయాయి.

ఊరి పెద్ద గంగులప్ప ఓబుళమ్మ ఇంటికి నడిచి వచ్చి, "అమ్మా, తోటలో ఆకు నిండా ఉండాది. ఈ పంట గూడా పోతే ఇరవై ఇండ్లకూ తాళాలేసుకుని వలస పోవాల్సిందే" అన్నాడు.

"ఒక్క పురుగును గూడా తడవనీను. ఇది నా మాట పెద్దాయనా" అంది ఓబుళమ్మ.

రేపు పురుగులు జ్వరం లేస్తాయనగా, ఆమె సున్నప్పొడి కొనడానికి పట్నం వెళ్లింది. పురుగుల పడకమీద చల్లడానికి అది కావాలి. పురుగుల దగ్గర నల్లప్పను కాపలా ఉంచింది. సంతలో బండి ఆపిన చోట పక్కనే రాజుగారి బండి కూడా ఆగి ఉంది.

అప్పుడొక కోతి వచ్చింది. ఎవరి కొట్లోనో ఎత్తుకొచ్చిన కొబ్బరికాయ దాని చేతిలో ఉంది. ఓబుళమ్మ బండి ఎడమ తలుపు అద్దంలో దానికి ఇంకో కోతి కనబడింది. ఆ కోతి చేతిలోనూ కొబ్బరికాయ ఉంది. మన కోతికి ఒళ్లు మండింది. కాయతో ఒక్కటిచ్చింది. అద్దం కలకండ ముక్కల్లా పొలపొలా రాలిపోయింది. శత్రువు పక్క బండిలోకి పారిపోయాడనుకుని రాజుగారి బండి అద్దాన్నీ అలాగే రాల్చింది. రెండు యుద్ధాలు గెలిచి, తోక ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఓబుళమ్మ వచ్చి చూసి గుండెలు బాదుకుంది. తూర్పున మబ్బు నల్లగా దిగుతోంది. గోనెపట్టా కట్టుకుని పోవచ్చు కదా అంటారేమో. మబ్బులకొండ దారిలో వీచే గాలికి తలపాగాలే నిలవవు, గోనెపట్టా ఎంత?

పట్నంలో అద్దాల వీధి ఒకటుంది. ఆ వీధిలో కొట్లు మూడు. ఓబుళమ్మ మొదటి కొట్టుకు వెళ్లింది.

ఆ కొట్టు యజమాని రంగనాయకులు. గుమ్మం మీద బంగారు రంగు రాజముద్ర పలక, లోపల చల్లని మజ్జిగ, కూర్చోవడానికి మెత్తలు. రాజుగారి బండికి అప్పటికే కొత్త అద్దం బిగించేశాడు. అది నిగనిగా మెరుస్తోంది. ఊళ్లో ఎవరి అద్దం పగిలినా ఆ రాజముద్ర చూసే అక్కడికి పరుగెత్తేవారు.

ఓబుళమ్మకు వృత్తి నేర్పిన ఒక అలవాటుంది. ఆకు కొనేటప్పుడు అందరూ మెరిసే పైభాగం చూస్తారు. ఆమె మాత్రం ఆకు తిరగేసి అడుగు చూస్తుంది. తెగులు పట్టేది అక్కడే మరి. ఆమె రాజుగారి బండి దగ్గర వంగి, తలుపు కింద చెయ్యి పెట్టి తడిమింది.

"అన్నా, ఒక బిందెడు నీళ్లు ఈ అద్దం మీద పోసి చూడొచ్చునా?" అంది.

"పొయ్యమ్మా, పొయ్యి! ముత్యంలాంటి పని" అన్నాడు రంగనాయకులు.

ఓబుళమ్మ పోసింది. కొంత నీరు అద్దం మీద నుంచి జారి నేలకు కారింది. తక్కినది అద్దం పక్క సందులోంచి తలుపు లోపలికి దిగింది. దిగిన నీళ్లు ఎంతసేపటికీ కిందికి రాలేదు.

"లోపలికి పోయిన నీళ్లు యాడికి పోయినాయన్నా?"

రంగనాయకులు మీసం దువ్వాడు. "రాజుగారి బండమ్మా అది! కారడం గీరడం దానికి తెలియదు."

రాజుగారి డ్రైవరు కూడా ఔనౌనని తలూపాడు. ఓబుళమ్మ మజ్జిగ తాగింది, దండం పెట్టింది, బయటికి నడిచింది.

రెండో కొట్టు చెన్నయ్యది. చిటికె వేసే లోపల పని ముగిస్తాడని అందరూ అతణ్ణి చిటికెల చెన్నయ్య అనేవారు.

"నువ్వు ఆకూవక్కా నోట్లో ఏసుకో అక్కా. నమిలేలోపల అద్దం బిగించి ఇస్తా!" అన్నాడు చెన్నయ్య.

"తలుపు లోపల రాలిన గాజంతా ఎప్పుడు తీస్తావప్పా?"

"దాన్నెందుకు తీసేది? అడుగున పడి ఉంటాది. తలుపేసినప్పుడు గలగలమంటే, బండికి గజ్జెలు కట్టినాననుకో!"

పక్కనే ఒక పాలవాడి బండి అద్దం అప్పుడే బిగించి ఉంది. ఓబుళమ్మ అడిగి దానిమీదా బిందెడు నీళ్లు పోసింది. నీళ్లు తిన్నగా లోపలికి దూకి సీటు తడిపేశాయి. పాలవాడు లబోదిబోమన్నాడు.

"వానలో బండి తియ్యమని నీకెవరు చెప్పినారబ్బా?" అని చెన్నయ్య పాలవాణ్ణే కసిరాడు.

ఓబుళమ్మ అక్కణ్ణుంచీ కదిలింది. వీధి చివర రేకుల కొట్టొకటి ఉంది. దానికి పలక లేదు, మెత్తలు లేవు. గుమ్మంలో గాజుముక్కలు నిండిన డబ్బా ఒకటుంది. కొట్టు పెట్టుకున్నాయన హుసేన్‌పీరా.

"ఈ డబ్బా ఎందుకు పీరన్నా?"

"తలుపుల్లోంచి తీసిన గాజమ్మా. ఎవురిది వాళ్లకు చూపిచ్చి ఇందులో ఏస్తా" అన్నాడు హుసేన్‌పీరా. బండి తలుపును వేళ్లతో తట్టి విన్నాడు. "బండిలో ఏం తీసుకపోతావు తల్లీ?"

ఓబుళమ్మ చెప్పింది. పురుగులు, మబ్బులకొండ, ఇరవై ఇళ్లు, తను ఇచ్చిన మాట, అన్నీ చెప్పింది.

పీరా మరోసారి తలుపు తట్టి చూశాడు. "అట్లయితే పొద్దుగూకే దాకా పడుతుంది. తొందరుంటే ఆ కొట్లకు పోమ్మా, నేనేమీ అనుకోను. నాకు సగం పని చేతగాదు" అన్నాడు.

పొద్దుగూకే దాకానా! ఇంటి దగ్గర పురుగులెలా ఉన్నాయో, నల్లప్ప ఏం చేస్తున్నాడో! చెన్నయ్య వీధిలోకొచ్చి మరీ పకపకా నవ్వాడు. "ఆ ముసలాయన బిగించేలోపల నీ పురుగులు సీతాకోకచిలకలైపోతాయి అక్కా!" అన్నాడు. ఓబుళమ్మకు భయమూ వేసింది, ఏడుపూ వచ్చింది. అయినా తాళం చెవులు తీసి పీరా చేతిలో పెట్టింది.

పీరా తలుపు లోపలి అట్ట విప్పాడు. పెద్ద ముక్కలు చేత్తో ఏరాడు. చిన్నవి కుంచెతో ఊడ్చాడు. కంటికి ఆనని నలుసుల్ని తడిపిన జొన్నపిండి ముద్దతో అద్ది తీశాడు. అద్దం దిగే గాడి కోతి దెబ్బకు వంగితే సాపు చేశాడు. ఆపైన ఓబుళమ్మను దగ్గరికి పిలిచాడు.

"చూడమ్మా. ఏ తలుపులోకైనా వాన కొంత దిగుతుంది. దిగిన నీళ్లు బయటికి పోయేదానికి కిందపక్క మూడు చిల్లులుంటాయి. రాలిన గాజు పోయి ఆ చిల్లులకు అడ్డం పడుతుంది. అప్పుడు తలుపు తొట్టిమాదిరి నిండి, నీళ్లు లోపలికి పొర్లుతాయి."

చీపురుపుల్లతో మూడు చిల్లులూ పొడిచి శుభ్రం చేశాడు. కొత్త రబ్బరు వేసి, కొత్త అద్దం దింపాడు. ఇక ఓబుళమ్మ అడగకముందే బిందె తెచ్చి ఆమె చేతికిచ్చాడు. చేతులు కడుక్కుని, ఉతికిన తెల్లటోపీ పెట్టుకుని, బండిలో ఖాళీ అరల ముందు నేలమీదే, ఆ అద్దం పక్కన వెళ్లి కూర్చున్నాడు.

"పొయ్యి తల్లీ! భయపడొద్దు!"

ఓబుళమ్మ మూడు బిందెలు పోసింది. మూడు చిల్లుల్లోంచి మూడు ధారలు నేలకు దుమికాయి. పీరా టోపీ మీద ఒక్క చుక్క పడలేదు. నవ్వుకుంటూ దిగాడు. చీకటి పడ్డాక ఓబుళమ్మ ఇల్లు చేరింది.

మర్నాడు తెల్లవారింది. పురుగులు జ్వరం లేచి తలలెత్తాయి. ఓబుళమ్మ తట్టలు అరల్లో పెట్టి, గుడ్డ కప్పి, నల్లప్పను వెనక ఎక్కించుకుని కొండదారి పట్టింది. సగం దూరం పోయిందో లేదో, వాన అందుకుంది. అది వానా! ఆకాశానికి చిల్లు పడినట్టు కురిసింది. గాలి ఎడమపక్క నుంచే ఈడ్చి కొట్టింది. మలుపు మలుపుకూ ఓబుళమ్మ ఒక చెయ్యి చాచి కింది తట్ట తడిమేది. పొడిగా ఉంది. మళ్లీ తడిమేది. పొడిగానే ఉంది.

నాలుగో మలుపులో ఒక బండి ఆగి ఉంది. అది రాజుగారిది! కొండమీది విడిది ఇంటికి వెళుతున్న కీర్తిభూషణ మహారాజు వానలో దారిపక్క నిలబడి, రెండు చేతులూ ఊపుతున్నాడు. తలుపు తొట్టిలా నిండి రాజుగారి ఒళ్లోకి పొర్లింది. అద్దం కొంచెం దించబోతే గాజుముక్కల్లో ఇరుక్కుని, దిగనూ లేదు, ఎక్కనూ లేదు. ఆ నీళ్లలో కూర్చోలేక దిగిపోయాడు, జరీపంచె తడిసి వేలాడుతోంది.

"అమ్మా, మమ్మల్ని కొండ మీదికి చేర్చు. నీ పక్క సీటులో కూర్చుంటాం" అన్నాడు రాజు.

"ఆ పక్క సీటు లేదు సామీ. పురుగులుండాయి, ఆకలి మీద ఉండాయి. ఎక్కేదుంటే ఎనక్కి ఎక్కండి, బిరీన!"

రాజు తెల్లబోయాడు. అద్దంలోంచి లోపలికి తొంగి చూశాడు. తట్టల మీది గుడ్డ పొడిగా, తెల్లగా కనబడింది. డ్రైవరును బండి దగ్గరే ఉండమని, వెనక తొట్టి ఎక్కాడు. నల్లప్ప జరిగి, టార్పాలిన్‌లో సగం ఇచ్చాడు. "ఈ రాతకు నాకొక తోడు దొరికినట్టే మహారాజా" అన్నాడు.

బండి ఊళ్లోకి రాగానే ఇరవై ఇళ్లవాళ్లూ ఎడమ తలుపు దగ్గరికి పరుగెత్తారు. గొడుగులన్నీ తట్టలకే పట్టారు. రాజును ఎవరూ చూడనే లేదు. గంగులప్ప కింది తట్ట మీది గుడ్డ తొలగించాడు. పురుగులు తలలెత్తి ఆకు కోసం అటూ ఇటూ వెతుకుతున్నాయి.

"తడి లేదు! ఒక్క చుక్క లేదు! అన్నీ బతికుండాయి రా!" అని ముసలాయన కేక పెట్టాడు.

ఊరంతా ఈలలు వేసింది. ఓబుళమ్మ కన్నీళ్లు కొంగుతో తుడుచుకుంది. ఇంతలో ఎవరో ఆకుబుట్ట తెచ్చి, తొట్టి దిగుతున్న రాజు చేతిలో పెట్టి, "చూస్తా నిలబడినావేమప్పా, అందుకో!" అన్నారు. చిత్రగిరి మహారాజు ఆ పూట ఇంటింటికీ ఆకు మోశాడు. మోయడం బాగానే మోశాడని చెప్పుకుంటారు.

వాన వెలిశాక రాజు, తన బండిలో నిండిన నీళ్లు ఆమె బండిలోకి ఎందుకు రాలేదని ఓబుళమ్మను అడిగి, అద్దాల వీధిలో జరిగినదంతా తెలుసుకున్నాడు. "ఏం కావాలో కోరుకో" అన్నాడు.

"మీ అద్దం బిగించిన కొట్టు మీద ఉండే రాజముద్ర పీకించండి సామీ. పల్లెల నుంచి వచ్చేవాళ్లు అది చూసే మోసపోతాండారు."

"అలాగే! ఆ ముద్ర హుసేన్‌పీరా కొట్టుకు పెట్టిస్తాం."

"వద్దు సామీ" అంది ఓబుళమ్మ. "పీరన్న కొట్టుకు పెట్టినా, జనం ముద్రే చూస్తారు. తలుపు అడుగు చూడటం మానేస్తారు. ఆయన పని చూసి రానీండి, ఆయనకు అదే మర్యాద."

రాజు చేతులు జోడించాడు. ముద్ర దిగిపోయింది. మూడు వారాలకు మబ్బులకొండ మీద ఇరవై ఇళ్లలోనూ పట్టుగూళ్లు తెల్లగా విరగకాశాయి. ఒక్క ఇంటికీ తాళం పడలేదు. రంగనాయకులు మెత్తలు తీసేసి, జొన్నపిండి ముద్ద ఎలా తడపాలో నేర్చుకోవడానికి వీధి చివరికి నడిచి వెళ్లాడు. పీరా కాదనకుండా నేర్పాడు.

పిల్లలూ, పనివాడి నిజాయితీ మన కంటికి కనబడని చోట దాగి ఉంటుంది. పని అప్పగించే ముందు ఆ చోటు వంగి చూసినవాళ్లే గెలుస్తారు.