మంచు చప్పబడిన రోజు

ఒకప్పుడు మంచు తేనెలా తియ్యగా ఉండేది. తెల్లారేసరికి ఆకు ఆకు మీదా కూర్చునేది. పిల్లలు, పిచ్చుకలు, చీమలు ఎగబడి నాకేవాళ్ళు. "అబ్బ, ఏం తీపి!" అంటుంటే మంచుపిల్ల పొంగిపోయేది.

సుంకమ్మ అనే రైతుకు ఆ మంచంటే భలే ఇష్టం. ఆమెకో జొన్నచేను ఉంది. ఏడాది పొడుగునా ఇంటిల్లిపాదికీ రొట్టెలు ఆ చేనిలోంచే రావాలి.

ఆ ఏడు జొన్న పూతకు రాగానే ముసురు పట్టింది. సూర్యుడు మబ్బుల దుప్పటి కప్పుకుని లేవనే లేదు. తరిమేవాడు లేకపోయేసరికి, మధ్యాహ్నమైనా మంచుపిల్ల కంకుల మీంచి దిగలేదు. తీపంతా కారి బంకబంకయింది.

ఆ వాసన బూజుకు తగిలింది. "పిలవకపోతే ఏం, నేనే వస్తా!" అంటూ కంకుల్లో కాపురం పెట్టింది. చూస్తుండగానే కంకులు నల్లబడ్డాయి.

సుంకమ్మ ఒక కంకి నలిపి చూసింది. గింజ లేదు. వేళ్ళకు బంకే అంటింది.

"ఏం పాపా, నా చేను ఇట్లా చేసినావే! పిల్లోళ్ళకు ఏం పెట్టాల నేను?"

"తీపే కదమ్మా పెట్టాను!" మంచుపిల్ల బిక్కమొహం వేసింది.

"నీ తీపి మంచిదే తల్లీ. యాడబడితే ఆడ కార్చితే ఎట్లా? ఆ కొసన చేను ఇంకా బాగుంది. దాన్నన్నా బతకనీ. నీ తీపి ఎవరికన్నా ఇచ్చి దాచమను."

మంచుపిల్లకు ఏడుపొచ్చింది. "తీపి లేకపోతే నన్నెవరు పలకరిస్తారు?"

"నేను పలకరిస్తాలే."

అటుగా పోతున్న తేనెటీగ ఆగింది. "నాకివ్వు. మైనంతో మూతేసి దాస్తా. బూజుకు వాసన కూడా అందనివ్వను."

మంచుపిల్ల కళ్ళు మూసుకుని తీపంతా ఇచ్చేసింది.

మర్నాడు పిల్లలు నాలుక చాపి, "ఛీ, చప్పగా ఉంది!" అని పరుగెత్తారు. సుంకమ్మ మాత్రం చెప్పులు విడిచి గట్టుమీద పచ్చికలో నిలబడింది. "అబ్బా, కాళ్ళకు ఎంత హాయిగా ఉందే పాపా!" అంది. మంచుపిల్ల ఆమె పాదాల చుట్టూ తళతళా మెరిసింది.

మిగిలిన చేను గింజ పట్టింది. ఆ ఏడు రొట్టెలు కాస్త పల్చబడ్డాయి గానీ, ఎవరూ పస్తు పడుకోలేదు.

అప్పటినుంచే మంచు చప్పగా ఉంటుంది, ఎండ పొడ తగలగానే, తరిమించుకోకుండానే లేచి వెళ్ళిపోతుంది. అప్పటినుంచే తీపి తేనెపట్టులో ఉంటుంది. బూజును మాత్రం ఆ పాత విందు పేరు వదల్లేదు. పైరుకు పట్టే బూజు తెగులును ఇంగ్లీషువాళ్ళు నేటికీ మిల్‌డ్యూ అంటారు. ఆ మాట విప్పి చూడండి: వాళ్ళ పాత భాషలో 'మిల్' అంటే తేనె, 'డ్యూ' అంటే మంచు. లోపల ఉన్నది తేనె మంచు!