చుక్కమ్మ ఎక్కని మూడో గుట్ట

అనగా అనగా, మీ ముత్తాతల ముత్తాతలు కూడా ఇంకా ఉయ్యాల ఎక్కని రోజుల్లో, మూడు గుట్టల నడుమ ఒక ఊరు. ఆ ఊళ్లో చుక్కమ్మ అని ఒక మేదరామె. బుట్టలల్లేది, చాటలల్లేది, తట్టలల్లేది. ఎవరి జోలికీ పోయేది కాదు.

ఊరి దొర కూలికి జొన్నలు కొలిచి ఇచ్చేవాడు. పైకి చూస్తే నిండు కుంచం. అడుగున దొంగ చెక్క. ఓర్చి ఓర్చి కూలీలు పని మానేసి దొర వాకిట్లో కూర్చున్నారు. "చెక్క తీసేదాక లేవం" అన్నారు. మాట గట్టిదే, మరి కడుపు? వాళ్లకు గింజ పెట్టినవాడి పొలానికి నీళ్లు బంద్ అని దొర చాటింపు వేయించాడు.

అయితే ఆ ఊళ్లో ఒక ఆచారం ఉంది. మొక్కుకుని మూడు గుట్టలెక్కేవాళ్లకు, గుట్టకో మానెడు గింజలు ఇంటింటా పోయాలి. దాన్ని కాదనడానికి దొరకు కూడా నోరు రాదు. ఎక్కినట్టు గుర్తుగా గుట్టమీది ఎర్రమట్టి కొంగున కట్టుకు రావాలి.

"నేనెక్కుత," అంది చుక్కమ్మ. "వచ్చిన గింజలు వాకిట్ల కూసున్నోళ్లకు."

ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగురుతుందట అని ఊరు నవ్వింది. నవ్వనీ.

మొదటి గుట్ట ఎక్కి మట్టి తెచ్చింది. "ఎక్కినవా చుక్కమ్మా?" "ఎక్కిన." ఇంటింటా మానెడు పోశారు.

రెండో గుట్ట ఎక్కి మట్టి తెచ్చింది. "ఎక్కినవా చుక్కమ్మా?" "ఎక్కిన." ఇంటింటా మానెడు పోశారు.

మూడో గుట్ట కింద మోకాళ్లు పట్టేశాయి. లేచింది, కూలబడింది. మళ్లీ లేచింది, మళ్లీ కూలబడింది. దొర వాకిట్లో ఆకలితో ఉన్న పసిపిల్లలు కళ్లముందు మెదిలారు. గుట్ట కిందే పిడికెడు మట్టి తీసి కొంగున కట్టుకుంది.

"ఎక్కినవా చుక్కమ్మా?"

"ఎక్కిన," అంది తలొంచుకుని.

ఆ గింజలతో కూలీలు ఇంకో నెల కూర్చున్నారు. కోసే చేతుల్లేక దొర చేలు రాలిపోయాయి. చివరికి దిగొచ్చి చెక్క పీకించాడు. ఊరంతా సంబరం. మొదటి నిండు కుంచం చుక్కమ్మ చేతికే ఇచ్చారు. "నీ వల్లనే అత్తా, నువ్వే కొలువు" అన్నారు.

ఆమె కుంచం కింద పెట్టేసింది. సిగ్గుతో ముఖం మాడిపోయింది.

"దొర కుంచంల చెక్క పెట్టిండు. నేను కొంగుల దొంగమట్టి కట్టిన. మూడో గుట్ట నేనెక్కలే."

అక్కడున్నవాళ్లంతా ఆ గింజలు తిని బతికినవాళ్లే. అయినా ఒకరు పెదవి విరిచారు. ఒకరు మొహం తిప్పుకున్నారు. ఒకరైతే, "థూ, మొక్కు పేరు జెప్పి అబద్ధమా!" అన్నారు. వాళ్లు పరాయివాళ్లు కాదు, మనవాళ్లే. చెప్పడానికి నాకు తల కొట్టేసినట్టుంది.

"రేపు ఎక్కుత," అంది చుక్కమ్మ. వద్దన్నవాళ్లు ఒక్కరూ లేరు.

తెల్లారి మోకాళ్లకు గుడ్డలు చుట్టుకుని పోయింది. పొద్దు వాలినా రాలేదు. వెతకబోతే సగం గుట్టమీద, బండకు ఆనుకుని కనిపించింది. ప్రాణం లేదు. కొంగు విప్పి చూశారు. అందులో మట్టి లేదు. పైదాకా పోలేదు కదా, అందుకే కట్టుకోలేదు.

ఇప్పటికీ అక్కడ ఎవరు గుట్టలెక్కినా, ఊళ్లోంచి ఒకరు ముందే పోయి సగం దారిలో అంబలి కుండతో నిలబడతారు. "చాలు తల్లీ, ఈడిదాక చాలు, దిగిరా" అని ముమ్మారు చెబుతారు. ఎంత ఎక్కినా నిండు మానెడే పోస్తారు. మట్టి అడగరు. చుక్కమ్మతో ఆ రోజు ఆ మాట ఎవరూ అనలేదు మరి.

కథ కంచికి పోయింది. సిగ్గు మాత్రం మనింటికే వచ్చింది.