ఇతర ఖర్చులు

ముర్తుజాకు గురువు గఫూర్ షా ఆశీస్సులు కావాలి. శుక్రవారం నవాబు కొలువులో అతను దేశం లెక్క చదవబోతున్నాడు.

రెండేళ్ళు ఊరూరా తిరిగి పోగేసిన లెక్క అది. నేతవాళ్ళు, అద్దకంవాళ్ళు, ఇనుము కరిగించేవాళ్ళు, ఓడలు కట్టేవాళ్ళు, ఉప్పు పండించేవాళ్ళు. ఏ వ్యాపారంలో ఎంత రాబడి, ఎంత ఖర్చు.

"అన్నిచోట్లా రాబడి పెరిగింది హజ్రత్. ఖర్చూ పెరిగింది. ఒక్క ఉప్పులోనే ఖర్చు సగానికి పడిపోయింది. మిగతా వ్యాపారులంతా ఉప్పు షావుకార్ల దారిలోనే నడవాలని నవాబుగారు ఫర్మానా ఇస్తారట. దేశం వెలిగిపోతోంది."

ఫకీరు గఫూర్ షా విసనకర్ర ఆపాడు. "ఏ ఖర్చు తగ్గింది?"

"ఇతర ఖర్చులు."

"అంటే?"

"అంటే ఇతర ఖర్చులే. అనవసరమైనవి తీసేశామన్నారు. దేశం మొత్తం లెక్క తీసేవాడు ప్రతి చిల్లర సంగతీ అడుగుతూ కూర్చోగలడా?"

"నువ్వు ఎక్కడ కూర్చుని అడిగావు?"

"షావుకారుగారి పందిట్లో. మంచి షర్బత్ ఇచ్చారు."

గురువు లేచాడు. మిట్టమధ్యాహ్నం. బయల్దేరుతున్నారని ముర్తుజా అలవాటుగా నీళ్ళ కూజా అందుకోబోయాడు. ఆయన దాన్ని లాక్కుని గోడవార పెట్టేశాడు.

ఉప్పు మళ్ళు క్రోసెడు దూరం. నేల మీద తెలుపు కళ్ళలో పొడుస్తోంది. అక్కడికి చేరేసరికి, దేశం వెలిగిపోతోందన్నవాడి నోట్లో ఉమ్మి కూడా లేదు.

ఉప్పు లాగుతున్న ఒకామెను అడిగాడు. "అమ్మా, కాసిని నీళ్ళు."

ఆమె నవ్వింది. నవ్వితే పెదవి చిట్లి రక్తం వచ్చింది. "చుట్టూ ఉన్నవి నీళ్ళే కదా నాయనా. తాగు."

"మంచినీళ్ళు."

"మంచినీళ్ళ బండి పోయిన వేసవిలోనే ఆపేశారు. దండగ ఖర్చట. నా కోడలు అదిగో, ఆ గట్టు మీదే పడిపోయింది. బండి వస్తుందేమోనని అటే చూస్తూ పోయింది." ఆమె అతని మొహంలోకి చూసింది. "షావుకారు పందిట్లో గ్లాసు పట్టుకు కూర్చున్నది నువ్వేగా? ఇటు కూడా వస్తావనుకున్నాం."

ముర్తుజా గురువు వైపు తిరిగాడు. గఫూర్ షా అతని వైపు చూడలేదు.

"ఆ పిల్ల పేరైనా అడుగు," అన్నాడు.

శుక్రవారం కొలువు నిండా షావుకార్లు. నవాబు ముందు వెండి కూజా, చల్లటి నీళ్ళు.

"ఉప్పువాళ్ళ కిటుకేమిటో వీళ్ళందరికీ చెప్పవయ్యా," అన్నాడు నవాబు.

ముర్తుజా కాగితాలు తీయలేదు. ముందుకు నడిచి వెండి కూజా ఎత్తి, నీళ్ళన్నీ తివాచీ మీద ఒంపేశాడు.

"ఇంతే ప్రభూ. ఖర్చు తగ్గింది," అన్నాడు. "ఉప్పు మడి గట్టు మీద నూకాలు చచ్చిపోయింది. దేశమంతటా తగ్గించమంటారా?"

భటులు అతన్ని ఈడ్చుకుపోయారు. ఫర్మానా ఆ రోజు వెలువడలేదు.

మర్నాడు మండే ఎండలో గఫూర్ షా నిండు కూజా భుజాన పెట్టుకుని ఖైదు వాకిట నిలబడ్డాడు. కావలివాడు అడ్డం వచ్చాడు.

"ఈ ఖైదీకి నీళ్ళు మా ఖర్చులో రాయలేదు బాబా."

"నా ఖర్చులో రాసుకో," అన్నాడు ఫకీరు.