వాగు కోసం విరాళం

కొండవాగుకు అడ్డకట్ట వేయించి, నీళ్లన్నీ తన పూలతోటకు మళ్లించుకున్న దివాను భుజంగరాయుడే, ఎండిన వాగును బతికిద్దామంటూ జానపదుల పాటకచేరీ పెట్టించాడు. రాజుగారి ఎదుటే విరాళాలు అడిగాడు.

"ఎవరేమిచ్చినా తీసుకుంటాం. అడ్డుపడినవాడికి కొరడాదెబ్బలే," అన్నాడు.

కచేరీలో జముకు వాయిస్తూ పాడుతున్న పైడితల్లికి ఒళ్లు మండిపోయింది. పాట ఆపేసింది.

"మా ఊరంతా ఒక పూట కాయకష్టం ఇస్తాం దొరా. తీసుకుంటారా?"

"భేషుగ్గా," అన్నాడు దివాను.

"అయితే పలుగులు పట్టుకు రండర్రా. ముందు దివానుగారి అడ్డకట్ట తవ్వేద్దాం."

దివాను గబుక్కున లేచి దారికి అడ్డం నిలబడ్డాడు.

"మహారాజా, అడ్డుపడితే కొరడా అన్నది వీరే," అంది పైడితల్లి.

రాజు భటుల వైపు చూశాడు. దివాను తలదించుకుని తప్పుకున్నాడు.

కట్ట తెగి నీళ్లు వాగులోకి దూకాకగానీ పైడితల్లి కోపం చల్లారలేదు.