పీత కన్నం చుట్టూ ఇసక ఉండలు

ఒకప్పుడు సముద్రం ఒడ్డున ఇసక మీద ఒక్క ఉండ కూడా ఉండేది కాదు. అలికిన వాకిలిలా నున్నగా ఉండేది. పీత ఏ పనీ లేకుండా కన్నంలో కాలు మీద కాలేసుకుని పడుకునేది. దానికెన్ని కాళ్ళో మీకు తెలుసుగా, అన్నీ వేసుకునేది.

రోజూ పొద్దున్నే నూకాలు మామ్మ, ఆవిడ కుక్క సింగడు ఒడ్డెంట నడుచుకుంటూ వల లాగేచోటికి వెళ్ళేవారు. ఒడ్డు మీద నిలబడి పెద్ద వల లాగుతారు చూడండి, దాని తాడు పట్టి లాగిన ప్రతివాళ్ళకీ చేపల్లో వాటా ఉంటుంది. ముసలివాళ్ళయినా, పసివాళ్ళయినా, ఆఖరికి కుక్కయినా సరే. పంచేది నూకాలు మామ్మ. ఆవిడ పంచితే ఒక్కరూ నోరెత్తి ఎరగరు. ఎత్తితే ఆవిడ ఊరుకునేదీ కాదు.

ఆ రోజు సింగడు తాడు పళ్ళతో పట్టి, కాళ్ళు ఇసకలో దిగబడేలా లాగాడు. పీత కూడా వచ్చి ఒక డెక్కతో తాడుకి వేలాడింది. వల ఒడ్డుకొచ్చింది.

"నా వాటా ఏదీ?" అంది పీత.

"నువ్వు లాగావుటే?" అంది మామ్మ.

"తాడు పట్టుకున్నాను కదా మామ్మా!"

"పట్టుకున్నావు. వలతోపాటు నిన్ను కూడా లాగారు వాళ్ళు. సిగ్గు లేదూ? పో అవతలికి!"

సింగడికి వాటాగా మంచి కానాగంత చేప వచ్చింది. చేపని ఇసక మీద పెట్టి ఒళ్ళు దులుపుకున్నాడు. చూసేసరికి చేప లేదు. అక్కణ్ణుంచి పీత కన్నందాకా ఈడ్చుకుపోయిన గీత ఉంది.

సింగడు మొహం తిప్పేసుకుని పడుకున్నాడు. "వాటా దక్కనిచోట నా పళ్ళరగదీసుకోవాలా? రేపట్నుంచి నేను రాను."

"మామ్మ పంపకంలో తేడా వచ్చిందంట!" అని జనం గుసగుసలాడారు.

ఆ మాటకి మామ్మకి ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి కన్నం ముందు చతికిలబడింది.

"ఏమే పీతా! చేప బయట పెట్టు."

"ఏం చేప? నా ఇంట్లో ఇసక తప్ప ఏముంది మామ్మా?"

"అయితే ఆ ఇసకే బయట పెట్టు. అంతా! నేను చూడాలి."

పీత ఇసకని చిన్న చిన్న ఉండలు చేసి, ఒక్కొక్కటే తెచ్చి కన్నం చుట్టూ పెట్టింది. "ఇదిగో ఇసక. ఇదీ ఇసకే. ఇదీనూ."

సింగడు ఒక్కో ఉండా వాసన చూశాడు. "చేప వాసనైతే వస్తోంది మామ్మా!"

సగం పని అయ్యేసరికి పెద్ద అలొచ్చి ఉండలన్నీ చెరిపేసింది. కన్నం మళ్ళీ ఇసకతో నిండిపోయింది.

"ఇంక అయిపోయినట్టేగా?" అంది పీత.

"ఎక్కడయ్యిందే? రేపు మళ్ళీ మొదట్నుంచీ తియ్యి. చేప కనబడేదాకా నిన్నొదల్ను."

కన్నంలో ఉంటే కదా కనబడ్డానికి! అదెప్పుడో పీత పొట్టలోకి పోయింది. ఆ ఒక్క ముక్కా చెప్పేస్తే గొడవే లేదు. చెప్పదే!

మామ్మ తన వాటా చేప తెచ్చి సింగడి ముందు పెట్టింది. మర్నాడు సింగడు మళ్ళీ తాడు పట్టాడు. జనం నోళ్ళు మూతబడ్డాయి. మామ్మ కోపం మాత్రం దిగలేదు.

అప్పటినుంచే పీత రోజూ ఇసక ఉండలు చేసి కన్నం చుట్టూ పేరుస్తుంది, అల రోజూ చెరిపేస్తుంది. ఒడ్డున షికారుకి తీసుకెళ్ళిన ఏ కుక్కయినా ప్రతి కన్నంలోనూ ముక్కు దూర్చి చూస్తేగానీ కదలదు. మీరు గొలుసు పట్టి ఎంత లాగినా అంతే. మామ్మ చేప పెట్టింది కదా అంటారా? అది మామ్మ చేప. సింగడి చేప ఇంకా రాలేదు.