తోడికోడలి కునుకు

అనగనగా గోదారి కాలవ పక్కన, మామిడి తాండ్రకి పేరుపడ్డ ఒక ఊళ్ళో, ఇద్దరు తోడికోడళ్ళు ఉండేవారు. పెద్దావిడ పేరు మంగాయమ్మ. చిన్నదాని పేరు నూకరత్నం, ఆ ఏడే కాపరానికొచ్చింది. కాళ్ళు ఝాడించకు చిన్నీ, దుప్పటి జారిపోతోంది.

తాండ్ర ఎలా చేస్తారో తెలుసా నీకు? తినడం ఒక్కటే తెలుసు. మామిడిపళ్ళ రసం పిండి, వడగట్టి, బెల్లం కలిపి, ఈతచాప మీద పల్చగా పూత పోస్తారు. ఎండలో పెడతారు. అది ఎండాక దాని మీద ఇంకో పూత. అలా రోజుకొకటి చొప్పున ఇరవై పూతలు. మధ్యలో ఒక్క వాన పడిందా, అంతా బూజు పట్టిపోతుంది. ఇక పారబోసుకోవడమే.

మంగాయమ్మకి భక్తి జాస్తి. శనివారం వస్తే ఒక్కపొద్దు. దీపం పెట్టనిదే మంచినీళ్ళు ముట్టేది కాదు. కానీ లోపల ఒక పురుగు తొలిచేది. ఇంత చేస్తున్నాను కదా, అసలు వినేవాడంటూ ఉన్నాడా, లేడా అని. ఆ మాట పైకి అనాలంటే భయం. అందుకని గుళ్ళో ఇంకో ప్రదక్షిణం ఎక్కువ చేసి వచ్చేది.

నూకరత్నానికి ఆ బాధే లేదు. దీపం పెడితే పెట్టింది, మరిచిపోతే మరిచిపోయింది. చాప మీద పూత పోసి, చేతులు కడుక్కుని, పక్కింటాయనకి చెప్పినట్టు ఆకాశంకేసి చూసి, "స్వామీ, కాస్త చూస్తూ ఉండండి" అనేది. ఆ తర్వాత అన్నం తిని, చావిట్లో కొంగు పరుచుకుని, గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోయేది. గురక కూడా పెట్టేది.

అప్పుడు మంగాయమ్మ ఏం చేసేదంటే, అరుగు మీద కూర్చుని మబ్బులకి కాపలా కాసేది. లోపల్నించి ఆ గురక వినబడుతుంటే ఒళ్ళు మండిపోయేది. రత్నం చీరలు చూసి కాదు, నగలు చూసి కాదు. ఆ కునుకు చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకునేది. పదేళ్ళుగా పిలుస్తున్నా నాకు పలకనివాడు, నిన్నగాక మొన్నొచ్చిన దీనికి పలికాడా అని. కుళ్ళు చిన్నీ, పచ్చి కుళ్ళు. నీకు మీ తమ్ముడి మీద ఉంటుంది చూడు, అదే.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది. "ఏమే రత్నం, దేవుడున్నాడని అంత గట్టిగా ఎలా తెలుసే నీకు?"

రత్నం టెంక చీకుతోంది. "ఉన్నాడక్కా. ఉన్నాడుగా మరి" అంది. అంతే. మళ్ళీ టెంక చీక్కుంది.

ఆ తర్వాత రెండ్రోజులకి, మిట్టమధ్యాహ్నం ఉన్నట్టుండి ఈదురుగాలి లేచింది. మంగాయమ్మ పరుగున వెళ్ళి తూరుపు వైపున్న తన చాప పట్టుకుని చావిట్లోకి బరబరా లాక్కొచ్చింది. తీరా చూస్తే అది తనది కాదు. పొద్దున్న అత్తగారు అప్పాయమ్మ ఎండ బాగా తగలాలని చాపలు అటుదిటూ ఇటుదటూ మార్చిందట. రెండోది లాగేలోపు వాన దంచేసింది. మంగాయమ్మ అయిదు పూతలు మట్టిలో కలిసిపోయాయి.

అప్పటికే రత్నం గుమ్మంలో నిలబడి ఉంది. కళ్ళింత చేసుకుని చూస్తోంది. "ఉన్నాడక్కా, ఉన్నాడు!" అని పైకి చూసి దండం పెట్టింది.

మంగాయమ్మ లోలోపల గొణుక్కుంది. లాగింది నేను. నడుం పట్టేసింది నాకు. దండం ఆయనకా! 'నీదనుకుని కాదే, నాదనుకుని లాగాను' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

అప్పుడు మంగాయమ్మ ఇంకో పని చేసింది. పాడు పని. రత్నం బెల్లం డబ్బా తీసుకెళ్ళి ఊక బస్తా వెనక దాచేసింది. ఈ పూత చప్పబడి అత్తగారు నాలుగు తిడితే, దీని దేవుడెక్కడున్నాడో చూద్దామని. రత్నం ఇల్లంతా వెతికి, దొరక్క, ఉత్త రసమే పోసింది. అది ఎండాక అప్పాయమ్మ అంచు తుంచి నోట్లో వేసుకుంది. "పంటికింద పండు తిన్నట్టుందే పిల్లా! ఇన్నాళ్ళూ మనం బెల్లం తింటున్నాం గానీ మామిడిపండు తినట్లేదు" అంది. ఆవిడకి పళ్ళు లేవనుకో, అది వేరే సంగతి.

"డబ్బా ఆయనే దాచేసుంటాడక్కా" అని రత్నం నవ్వింది. ఆ పూట మంగాయమ్మకి అన్నం సయించలేదు.

ఆ తర్వాత రత్నం చాప మీద ఇరవయ్యో పూత పడింది. మర్నాడు ముక్కలు కోసి పుట్టింటికి పంపాలి. కాపరానికొచ్చాక తన చేత్తో చేసి వాళ్ళమ్మకి పంపే మొదటి వస్తువు అది. రత్నం ఎప్పట్లాగే స్వామికి అప్పజెప్పి పడుకుంది. అప్పాయమ్మ బంధువులింటికి వెళ్ళింది. మగవాళ్ళు తోటల్లో ఉన్నారు.

మబ్బు కమ్మింది. మంగాయమ్మ ఈసారి చూసి మరీ తన చాప లోపల పెట్టుకుంది. అప్పుడు రెండో చాప దగ్గరికి వెళ్ళబోయి అరుగు మీద ఆగిపోయింది. చేతులు కట్టుకుంది.

'రానీ. దీని దేవుడు వచ్చి తీస్తాడేమో చూస్తాను. వస్తే నాకు తెలుస్తుంది. రాకపోతే దీనికి తెలుస్తుంది.'

ఒక చినుకు పడింది. ఎవరూ రాలేదు. రెండో చినుకు పడింది. మంగాయమ్మ నిజంగా దారికేసి చూసింది చిన్నీ, ఎవరైనా వస్తున్నారేమోనని. మూడో చినుకు పడింది. ఆ తర్వాత ఇక లెక్క లేదు. బంగారు రంగు తాండ్ర మీద నీళ్ళు కట్టాయి. కరిగి, చాప అంచుల్నించి పసుప్పచ్చగా కారిపోయింది. మంగాయమ్మ కదల్లేదు.

ఆ చప్పుడుకి రత్నం లేచి వచ్చింది. చాప చూసింది. ఏడవలేదు. ఆకాశంకేసి కూడా చూడలేదు. మంగాయమ్మ వైపు తిరిగి అడిగింది.

"నువ్వు ఇంట్లో లేవా అక్కా?"

మంగాయమ్మ కట్టుకున్న చేతులు విప్పేసింది.

"ఆరోజు నీ చాప వదిలేసి నా చాప లోపలికి తెచ్చావు చూడు, అది నా కళ్ళారా చూశాను. సొంత అక్కయినా అలా చేస్తుందా? ఇలాంటి తోడికోడల్ని ఇచ్చాడంటే ఆయన ఉన్నట్టే అనుకున్నాను. అంతకుముందు ఉన్నాడని ఊరికే అనేదాన్ని. ఆరోజు తెలిసింది."

రేవుకి వెళ్ళానని అనొచ్చు మంగాయమ్మ. అంటే రత్నం నమ్మేది కూడా. కానీ ఆ మొహం చూస్తూ అబద్ధం ఆడలేకపోయింది. "ఇంట్లోనే ఉన్నానే. ఇక్కడే నిలబడి చూశాను. ఆరోజు నాదనుకుని నీది లాగాను. బెల్లం దాచింది కూడా నేనే. నీ నిద్ర చూసి ఓర్చుకోలేకపోయాను" అంది.

రత్నం వానలోకి దిగి ఖాళీ చాప చుట్టుకుని వచ్చింది.

మిగిలిన పళ్ళతో ఇద్దరూ మళ్ళీ చాపలు పరిచారు. అయితే మధ్యాహ్నం అన్నం తిన్నాక రత్నం పడుకోలేదు. అరుగు చివర కూర్చుని మబ్బులకేసి చూస్తోంది. మొదటిరోజు మంగాయమ్మ, "పడుకోవే, నేను చూస్తాను" అంది. రత్నం మబ్బుల మీంచి కళ్ళు తిప్పలేదు. రెండోరోజు తలగడ తెచ్చి పక్కన పెట్టింది. రత్నం ముట్టుకోలేదు. మూడోరోజు మంగాయమ్మ ఆ పక్కనే కూర్చుంది. కోరుకున్నదే దొరికింది కదా, తోడికోడలు కూడా తనలాగే అయిపోయింది. ఆ కళ్ళు చూసి మంగాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఏడుస్తుండగానే గాలి లేచింది. ఇద్దరూ ఒక్కసారే లేచారు. రత్నం వెళ్ళి తన చాప పట్టుకుంది. చూసేసరికి రెండో కొస మంగాయమ్మ చేతిలో ఉంది. ఈసారి పొరపాటు కాదు. రత్నం చూసింది. ఇద్దరూ కలిసి ఒక్క చుక్క తగలకుండా దాన్ని చావిట్లోకి చేర్చారు. మంగాయమ్మ చాప ఇంకా బయటే ఉంది. చినుకులు మొదలయ్యాయి.

రత్నం రొప్పుతూ, చెంప మీద నీళ్ళు తుడుచుకుంటూ, చిన్నపిల్లలా అడిగింది. "అక్కా, నిజం చెప్పు. ఉన్నాడంటావా?"

పదేళ్ళుగా తనని తొలిచే మాటే ఇంకొకళ్ళ నోట వినేసరికి మంగాయమ్మకి ప్రాణం ఉసూరుమంది. ఉన్నాడు అనేద్దామనుకుంది. లేడు అనడానికీ నోరు రాలేదు. తెలిస్తే కదా చెప్పడానికి!

"నాకూ తెలీదే రత్నం" అంది. "అది ఇద్దరం కూర్చుని తర్వాత తేల్చుకుందాం. ముందు నా చాప ఆ కొస పట్టుకో, తడిసిపోతోంది!"

రత్నం పట్టుకుంది.

కథ పోయె కంచికి,
కునుకు వచ్చె కంటికి,
మబ్బు పోయె మింటికి,
మనం పోదాం ఇంటికి.